మూడో పాటకు ముందు

సోమవారం, పగలు పదకొండూ నలభై. అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తు గది ముందు సదాశివ ఆగి గడియారం చూసుకున్నాడు.

ఆ గది జగన్మోహనరావుది. అరవై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషి. రాక్ కచేరీల రికార్డింగులు పోగేస్తూ నలభై ఏళ్ళు బతికాడు. నిన్న సాయంత్రం ఆరున్నరకు టీ తెచ్చినవాడికి నేలమీద బోర్లా పడి కనిపించాడు. తల వెనక ఒక్కటే దెబ్బ. మైకు స్టాండు అడుగున ఉండే ఇనప బిళ్ళతో కొట్టారు. కొట్టాక దాన్ని గుడ్డతో తుడిచి, ఉన్నచోటే నిలబెట్టి వెళ్ళారు.

తొమ్మిదికల్లా పోలీసులు మల్లేష్‌ను పట్టుకున్నారు. ముప్పై ఒక్కేళ్ళవాడు, గిటార్లు బాగుచేస్తాడు, వాయిస్తాడు. ఈరోజు మూడింటికి నాంపల్లి కోర్టులో నిలబెడతారు. రిమాండ్ అయితే బెయిలు ఎన్ని నెలలకు వస్తుందో సదాశివకు తెలుసు. పదహారేళ్ళు అతనూ పోలీసే. ఎందరినో అలా నిలబెట్టి, ఇంటికొచ్చి అన్నం తిన్నవాడే.

మల్లేష్ తల్లి లక్ష్మీనర్సమ్మ మెట్ల మీద కూర్చుంది. పొద్దున ఆరింటికి సదాశివ ఇంటికి వచ్చి తలుపు తట్టింది, కొడుకు స్టేషన్లో చెప్పిందంతా చెప్పింది. ఏడవలేదు. ఏడ్చివుంటే వేరే మనిషిని చూసుకోమని పంపేవాడు. భార్య పోయిన ఈ నాలుగేళ్ళలో ఏడ్చేవాళ్ళ పనులు అతను ఒప్పుకోలేదు.

తలుపు దగ్గర కుర్చీలో కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. పాత పరిచయం.

"సదాశివన్నా, పది నిముషాలంటే పది నిముషాలే. సారు పన్నెండున్నరకొస్తడు. ఏది ముట్టకు."

"ముట్టను. చూస్త."

గది చిన్నది. మూడు గోడలకూ క్యాసెట్ల అరలు. ప్రతిదాని మీదా ఊరు, తేదీ, నిమిషాలు, ఒకటే చేతిరాత. నాలుగో గోడకు ఒకే ఒక ఫోటో. గిటార్ పట్టుకున్న బక్కపలచని మనిషి. ఎడమచేతికి చూపుడు వేలు, మధ్య వేలు లేవు. ఉంగరం వేలికి ఇత్తడి గొట్టం తొడుక్కున్నాడు. కింద రాసి ఉంది: అంజన్, రైల్వే కాలనీ హాలు, 1995.

లక్ష్మీనర్సమ్మ మొగుడు. రైల్వే యార్డులో పనివాడు. రెండు పెట్టెల మధ్య గొలుసు తగిలిస్తుంటే ఆ రెండు వేళ్ళు పోయాయి. తర్వాత స్లైడ్ నేర్చుకున్నాడు. తీగను వేలితో నొక్కకుండా, వేలికి తొడుక్కున్న గొట్టాన్ని తీగ మీద జారిస్తూ వాయించే పద్ధతి అది. ఒకే ఒక కచేరీ ఇచ్చాడు. దాన్ని జగన్మోహనరావు ఒక్కడే టేపు మీదికి ఎక్కించాడు. మరుసటి ఏడు అంజన్ జ్వరంతో పోయాడు. మల్లేష్‌కు అప్పుడు రెండేళ్ళు.

రెండేళ్ళుగా మల్లేష్ ఆ టేపు అడుగుతున్నాడు. టేపు బూజుపట్టింది, ఇంకొక్కసారి తిప్పితే తెగుతుంది అనేవాడు జగన్మోహనరావు. క్యాసెట్టును చెక్కపెట్టెలో పెట్టి లక్కతో సీలు వేశాడు. పోలీసులకు కావలసిన కారణం అదే.

చెక్కపెట్టె ఇప్పుడు బల్ల మీద తెరిచి ఉంది. చుట్టూ ఎర్రటి లక్క పెంకులు. లోపల ఏమీ లేదు.

"మల్లేష్ దగ్గర క్యాసెట్ దొరికిందా?"

"లేదన్నా. ఎక్కడ్నో పడేసిండంటున్నడు సారు."

రెండేళ్ళు తిరిగి, మనిషిని చంపి తీసుకున్నదాన్ని ఎవడు పడేస్తాడు? సదాశివ బల్ల మీదికి వంగాడు.

బల్ల మీద రెండు టేపు రికార్డర్లు. ఎడమది వినడానికి. కుడిదానికి మైకు తీగ ఇంకా తగిలించే ఉంది. దాని మూత తెరిచి ఉంది, లోపల క్యాసెట్ లేదు. పక్కనే ఒక ఖాళీ డబ్బా. దానిమీద జగన్మోహనరావు చేత్తో రాసిన చీటీ: ఆదివారం, 4.00, ఇద్దరు. నిన్నటి తేదీ.

"గట్లాంటి ఖాళీ డబ్బలు చాన ఉంటయన్నా గీడ," అన్నాడు కానిస్టేబుల్.

సదాశివ కింది అర ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆదివారం, ఆదివారం, ఆదివారం. వరసగా వందల క్యాసెట్లు. పారదర్శకంగా ఉన్న ప్రతి డబ్బాలోనూ క్యాసెట్ కనిపిస్తోంది. గతవారానిది ఉంది. అంతకుముందు వారానిది ఉంది. నిన్నటిది ఒక్కటే లేదు.

అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. మోకాళ్ళు టకటకమన్నాయి.

ఎదురు గదిలో ఇంటి యజమానురాలు కోటేశ్వరమ్మ ఉంటుంది. డెబ్బై దాటింది. తెనాలి నుంచి వచ్చి అరవై ఏళ్ళయినా మాట మారలేదు.

"నిన్ననే చెప్పాను కదయ్యా ఆ ఇన్స్పెక్టరుకి. మళ్ళీనా?"

"మళ్ళొక్కసారి, అమ్మా. టైములు కావాలె."

"నాలుగింటికి వాళ్ళిద్దరూ వచ్చారు. ప్రతి ఆదివారం వస్తారు. ఒకాయన పెద్దాయన, ఒకడు గడ్డం కుర్రాడు. వినడం, పోట్లాడుకోవడం. మొగుడూపెళ్ళాలన్నా నయం. అయిదింటికి వెళ్ళారు. తర్వాత మల్లేషు వచ్చాడు. వాచ్‌మన్ అయిదూ పది అన్నాడటగా, అంతే అయ్యుంటుంది. కేకలేశాడు. 'మా నాయినది నాకియ్యనీకి నీకేం నొప్పి' అన్నాడు. అది విన్నాను, అదే చెప్పాను."

"తర్వాత?"

"తర్వాత గిటారు వాయించాడు. కాసేపే. ఎంత హాయిగా ఉందనుకున్నావు. ఎవరో గొంతెత్తి పాడినట్టు. ఆపైన ఇద్దరూ మెల్లగా మాట్లాడుకున్నారు. అయిదున్నరకి నేను షుగరు మాత్ర వేసుకున్నాను. మింగి గడియారం చూస్తే అయిదూ ముప్పై రెండు, అప్పుడు మళ్ళీ మొదలైంది."

"అదే గిటారా?"

ఆమె ఆలోచించింది. "గిటారే. కానీ ఒకటే గీకుడు. ఇత్తడి చెంబు అంచు మీద గోరుతో గీకినట్టు, పాట వెనకాలే ఇంకో సన్నటి చప్పుడు. ఇందాక అంత బాగా వాయించినవాడు ఇదేం ఖర్మ అనుకున్నాను. పైగా వానొకటి."

"వానా?"

"చినుకుల చప్పుడు విన్నానయ్యా. బట్టలు ఆరేసున్నాయని లేచి పరిగెత్తాను. చూస్తే ఎండ. వచ్చి కూర్చుంటే మళ్ళీ చినుకులు. అలా నాలుగుసార్లు పడి ఆగినట్టయింది. నా చెవులే పాడయ్యాయనుకున్నాను. పాలవాడు ఆరింటికి వస్తాడు. వాడు రావడానికి రెండు నిమిషాల ముందే అంతా ఆగిపోయింది."

"వాన సంగతి ఇన్స్పెక్టర్‌కు చెప్పిన్రా?"

"చెబితే నవ్వాడు."

సదాశివకు నవ్వు రాలేదు. జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు. అయిదూ ముప్పై రెండు నుంచి అయిదూ యాభై ఎనిమిది. ఇరవై ఆరు నిమిషాలు. నాలుగు వానలు. గోడ అవతల నుంచి వింటే చప్పట్లు వానలాగే ఉంటాయి.

పన్నెండూ పదికి ఆ ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. ఏ క్యాసెట్లు పోయాయో జాబితా రాయమని ఇన్స్పెక్టరే పిలిపించాడు. భావనారాయణకు అరవై నాలుగేళ్ళు. లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన గుడ్డసంచి. దుర్గేష్‌కు ముప్పై అయిదు. సినిమాలకు శబ్దం సరిచేసే స్టూడియోలో పని. పెద్దాయనను మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని నడిపించాడు.

సదాశివ వరండాలో వాళ్ళకు బెంచీ చూపించాడు. తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నిన్న ఏం విన్నరు?"

"అమెరికా బ్యాండు ఒకటి, డెబ్బై మూడు నాటి కచేరీ," అన్నాడు దుర్గేష్. "జనంలోంచి దొంగతనంగా చేసిన రికార్డింగ్."

"ఎంతసేపుంటది?"

"నలభై రెండు నిమిషాలండి," అన్నాడు భావనారాయణ వెంటనే. సంచిలోంచి నోటుబుక్కు బయటికి వచ్చేసింది. "మధ్యలో టేపు తిరగేసినప్పుడు పద్నాలుగు సెకన్లు పోయాయి. అవి కలిపితే..."

"పదకొండు," అన్నాడు దుర్గేష్.

"పద్నాలుగు, దుర్గేషూ. నేను కొలిచాను."

"మీరు గోడ గడియారంతో కొలిచారు మాస్టారూ. నేను మిషన్ మీద చూశాను."

ఇద్దరూ అతన్ని మరచిపోయారు. పక్క గదిలో మనిషి చచ్చి ఇంకా ఇరవై నాలుగ్గంటలు కాలేదు. సదాశివ వాళ్ళను చూస్తూ నిలబడ్డాడు. భార్య సునంద పోయిన వారానికి అతనూ ఇలాగే కరెంటు బిల్లు గురించి అరగంట వాదించాడు. కౌంటర్లో మనిషి భయపడ్డాడు.

"ఆదివారం మీ మాటలు గూడ రికార్డు చేస్తడా ఆయన?"

"ప్రతివారం," అన్నాడు దుర్గేష్. "కచేరీ విన్నాక మేం మాట్లాడుకునేది కూడా కచేరీలో భాగమే అంటారు. రెండు గంటల టేపు. నాలుగింటికి నొక్కితే రెండో వైపుకు తనే మారి, అయిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. మేం వెళ్ళిపోయినా ఆపరు."

"ఈ సంగతి మల్లేష్‌కు తెలుసా?"

"ఎలా తెలుస్తుంది. అతన్ని ఎప్పుడూ కూర్చోనిచ్చేవారు కాదుగా."

సదాశివ తల ఊపాడు. నిన్నటి క్యాసెట్‌ను తీసుకెళ్ళినవాడికి అది తిరుగుతోందని తెలుసు.

"ఇంకోటి చెప్పు. స్లైడ్ వాయించేటప్పుడు వెనకాల గీకినట్టు చప్పుడొస్తే, ఎందుకొస్తది?"

దుర్గేష్ గాలిలోనే గిటార్ పట్టుకున్నాడు. "గొట్టం తీగ మీద పెడితే తీగ రెండు ముక్కలైనట్టు. ముందు ముక్క మనకు కావలసింది. వెనక ముక్క కూడా మోగుతుంది, అది గోల. అందుకని గొట్టం వెనక వేళ్ళను తీగల మీద మెత్తగా ఆనించి దాని నోరు మూయాలి. మల్లేష్ అది భలే చేస్తాడు. అతను గీకడు. తాగి వాయించినా గీకడు."

"మరి గీకేదెవరు?"

"కొత్తగా నేర్చుకునేవాళ్ళు. లేదా అంజన్. ఆయనకు ఆనించడానికి వెనక వేళ్ళే లేవు. ఫోటో చూశారుగా."

"అంజన్ టేపు విన్నవా?"

"ఎవరు విన్నారు? నేను పదేళ్ళుగా అడుగుతున్నాను. ఇంటర్నెట్‌లో పెడదామంటే కర్ర తీసుకుని వచ్చారు నామీదికి."

"మీరు?"

భావనారాయణ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నాకా అదృష్టం లేదండి. కచేరీ జరిగినప్పుడు నేను ఏలూరులో ఉన్నాను. ఇక్కడికి వచ్చాక ఇరవై రెండేళ్ళ నుంచి ఆదివారాలు వస్తున్నాను. ఆ టేపు గురించి ఒక్క ముక్క చెప్పేవారు కారు. ఎన్ని పాటలో కూడా చెప్పలేదు. అడిగితే మాట మార్చేసేవారు."

"అవును, అంతే," అన్నాడు దుర్గేష్.

"నిన్న అయిదింటికి గీడికెళ్ళి ఎటు పోయిన్రు?"

దుర్గేష్ ఫోను తీసి చూపించాడు. స్టూడియో తలుపు దగ్గర కార్డు గీకిన టైము, అయిదూ ఇరవై ఎనిమిది. రాత్రి పదిదాకా బయటికి రాలేదు. భావనారాయణ మెల్లగా చెప్పాడు. "ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పెడతారు కదండి. అవి చూసి, బస్సెక్కి ఇంటికెళ్ళాను."

"ఏమన్న కొన్నరా?"

"ఏమీ నచ్చలేదు."

సంచి ఆయన ఒళ్ళోనే ఉంది. రెండు చేతులూ దానిమీదే ఉన్నాయి.

పన్నెండూ ఇరవై ఎనిమిదికి బూట్ల చప్పుడు వినిపించింది. ఇన్స్పెక్టర్ వామన్‌రావు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. మెట్ల మీది లక్ష్మీనర్సమ్మను చూసి ఆగాడు.

"పక్కకు జరుగమ్మా. నీ కొడుకు గీడ లేడు."

ఆమె జరిగింది. వామన్‌రావు సదాశివను చూసి నవ్వాడు.

"ఏంది సదాశివా, వరండాల దుకాణం పెట్టినవ్. నా సాక్షులను నువ్వు అడుగుతున్నవా?"

"పొద్దుపోతలేదు."

"పెండ్లాం పోయినోళ్ళంత గిట్లనే తిరుగుతరా, నువ్వొక్కనివేనా?"

కానిస్టేబుల్ నేల చూశాడు. నాలుగేళ్ళ కింద చాదర్‌ఘాట్ వంతెన దిగువన సునందను గుద్ది వెళ్ళిన బండి కేసు వామన్‌రావు చేతికే వచ్చింది. రెండు నెలలకు ఫైలు మూసేశాడు. ఆరోజు సదాశివ స్టేషన్లోనే అతని చొక్కా పట్టుకున్నాడు, మరునాడు ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు ఆ కోపం కోసం లోపల వెతికితే తిమ్మిరెక్కిన కాలు తడుముకున్నట్టుంది. కాలు ఉంది. తన కాలులా లేదు.

"నువ్వు ఆ ఫైలు మీద రాసింది నాకు నోటికొచ్చు," అన్నాడు. "'బండి ఆచూకీ తెలియలేదు.' మూడు మాటలు. కింద సంతకం. గిది గూడ మూడు మాటల్ల తేల్చేటట్టున్నవ్."

"తేల్చిన. అయిదూ పదికి పైకి ఎక్కిండు, వాచ్‌మన్ చూసిండు. దిగుడు ఎవ్వరు చూడలే. లొల్లి పెట్టుకున్నడు, ముసలామె విన్నది. ఆరింటి దాక గిటారు వినొచ్చింది, గది గూడ ఆమెనే చెప్పింది. వాని ఇత్తడి గొట్టం శవం పక్కన దొరికింది. ఇంకేం గావాలె నీకు?"

"వెనక మెట్లు దిగి పోయిన అంటున్నడు మల్లేష్. బండి గాడ పెట్టిండు."

"గట్లనే అంటడు. గొట్టం సంగతి?"

"వాయించి చూపిచ్చిండు. విన్నంక ముసలాయన మెత్తపడ్డడు. రేపొచ్చి టేపు తీస్కపో అన్నడు. గా గొట్టం అంజన్‌ది. ఒక్క దినం నా దగ్గర ఉంచు, చూసుకుంట అన్నడట. ఉంచిపోయిండు."

వామన్‌రావు కానిస్టేబుళ్ళ వైపు తిరిగాడు. "విన్నరా? హత్య చేసి, గుర్తుకు వస్తువు ఉంచిపోయిండట." వాళ్ళు నవ్వాలా వద్దా అని చూశారు.

"ఆరింటిదాక వినొచ్చిన గిటారు మల్లేష్‌ది కాదు," అన్నాడు సదాశివ. "గది టేపు. అంజన్ టేపు. ముసలామె విన్న గీకుడు అంజన్‌ది, వాన చప్పుడు చప్పట్లు. ఎవరో సీలు పగలగొట్టి మొత్తం విన్నరు. విన్నంక చంపిన్రు. పోతపోత రెండు క్యాసెట్లు తీస్కపోయిన్రు. అంజన్‌ది ఒకటి, మాటలు రికార్డయిన నిన్నటిది ఒకటి."

"ఎవరు? గాలా?"

దానికి సదాశివ దగ్గర జవాబు ఉంది. రుజువు లేదు. సంచి వెతకమని అడగవచ్చు. వామన్‌రావు ఒప్పుకోడు, ఒప్పుకున్నా అందులో ఏమీ లేకపోతే అయిపోయింది. పన్నెండూ నలభై. బెంచీ మీద ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, ఒకరి మోకాలి మీద నోటుబుక్కు తెరిచే ఉంది. పద్నాలుగా పదకొండా అనేది ఇంకా తేలలేదు.

సదాశివ జేబులోంచి తను రాసుకున్న చీటీ తీశాడు. వామన్‌రావుకు వెనకవైపే కనిపించేలా పట్టుకున్నాడు.

"ఆ టేపుల ఏముందో జగన్మోహనరావు రాసిపెట్టిండు. చెక్కపెట్టె కింద దొరికింది."

"నా అనుమతి లేకుంట ముట్టినవా?"

"కేసు తర్వాత పెట్టు. విను. అంజన్, రైల్వే కాలనీ హాలు. మొత్తం ఏడు పాటలు. యాభై నిమిషాలు."

బెంచీ మీద నోటుబుక్కు కదిలింది. భావనారాయణ దాన్ని మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"రెండో పాటల తీగ తెగింది. గాడికే ఆపి తీగ మార్చుకున్నడు."

భావనారాయణ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. దుర్గేష్ ముందుకు వంగి నోరు తెరుచుకుని వింటున్నాడు. పదేళ్ళ ఆకలి వాడి మొహంలో కనబడింది. వాడికి ఇదంతా కొత్త.

లక్ష్మీనర్సమ్మ కూడా లేచి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. ఆమె ముందు అబద్ధం చదవడం సదాశివకు ఇష్టం లేదు. చదివాడు.

"మనిషి సరుకు లేనోడు. బెదిరిపోయిండు. మొదటికెళ్ళి ఆఖరి దాక ఒక్క మాట మాట్లాడలే. మైకు ముందర నోరే తెరవలే. రికార్డింగ్ గూడ దండుగ. సంతకం, జగన్మోహనరావు."

చీటీ మడత పెట్టాడు. కింద చెప్పుల దుకాణంలో ఎవరో సైజు అడుగుతున్నారు.

"మాట్లాడతాడండి," అన్నాడు భావనారాయణ.

మాట చాలా మెల్లగా వచ్చింది. తప్పు రాసిన విద్యార్థి పలక చూసిన మేస్టారులా ఉన్నాడు ఆయన.

"ఆయన అలా రాసి ఉండరు. నాలుగు పాటలే. ఇరవై ఆరు నిమిషాలు. తీగ తెగింది నాలుగోదాంట్లో, ఆపలేదు, మిగతా తీగల మీదే ముగించాడు. అది ఎంత కష్టమో వీళ్ళకేం తెలుసు. బెదరలేదు. మాట్లాడతాడు కూడా. మూడో పాటకు ముందు."

"ఏమంటడు?" అన్నాడు సదాశివ.

"'నర్సమ్మా, గంత ఎనక గూసున్నవేంది. పిల్లగాన్ని తీస్కొని ముంగటికి రా.' అంటాడు. జనం నవ్వుతారు."

అప్పుడు ఆయనకు వినపడింది, తన గొంతు. దుర్గేష్ బెంచీ మీద నుంచి మెల్లగా పక్కకు జరిగాడు.

సదాశివ లక్ష్మీనర్సమ్మ వైపు చూశాడు. ఆమె గోడను వదిలేసింది.

"ఔ," అంది. "ఎనకనే గూసున్న. పిల్లగాడు ఏడుస్తడని తలుపు కాడ గూసున్న. గట్లనే పిలిచిండు. సిగ్గయి పోలే నేను."

సదాశివ చీటీ విప్పి వామన్‌రావు చేతిలో పెట్టాడు. దానిమీద టైములు, ఇరవై ఆరు నిమిషాలు, నాలుగు వానలు తప్ప ఇంకేమీ లేదు. వామన్‌రావు దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత భావనారాయణ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. అతను మూర్ఖుడు కాడు. బద్ధకస్తుడు.

"సంచి తియ్యి."

భావనారాయణే తెరిచాడు. తువ్వాలులో చుట్టి ఉంది క్యాసెట్. ఒకటే.

"రెండోది?" అన్నాడు సదాశివ.

"చాదర్‌ఘాట్ వంతెన మీది నుంచి మూసీలో వేశానండి, బస్సులోంచి. ఇది వేయలేకపోయాను." చేతులు మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళాయి, అక్కడ సంచి లేదు. "గొడుగు మరచిపోయి వెనక మెట్ల మీదుగా తిరిగి వచ్చాను. ఆయన అప్పుడే సీలు తీస్తున్నారు. ఆ అబ్బాయి వాయించింది విని కరిగిపోయినట్టున్నారు. రా, నువ్వూ విను అన్నారు. ఇద్దరం విన్నాం. అయిపోయాక కాపీ తీద్దామన్నాను. వద్దన్నారు. రేపు కొడుక్కి ఇచ్చేస్తాను, కాపీ తీయాలా వద్దా అతని ఇష్టం అన్నారు. ఇరవై రెండేళ్ళండి. ఒక్క ఆదివారం మానలేదు. ఆ కుర్రాడు అడుగుతున్నది రెండేళ్ళ నుంచి."

"దెబ్బ కొట్టినంక స్టాండు మళ్ళ ఉన్నకాడ ఎందుకు పెట్టినవ్?" అన్నాడు వామన్‌రావు.

"మైకు పక్కకు జరిగితే రికార్డింగ్ పాడవుతుంది కదండి."

ఒక కానిస్టేబుల్ క్యాసెట్‌ను ప్లాస్టిక్ కవరులో వేసి, మూతి మడిచి, చీటీ అంటించాడు. వామన్‌రావు ఫోను తీసి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడాడు. 'మల్లేష్' అన్నాడు, 'ఆపున్రి' అన్నాడు, 'కాగితాలు మార్చాలె' అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని సదాశివ పక్కన నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. చాదర్‌ఘాట్ అనే మాట ఇద్దరి మధ్యా ఉంది.

"అనకు," అన్నాడు సదాశివ.

వామన్‌రావు తల ఊపి పక్కకు జరిగాడు.

లక్ష్మీనర్సమ్మ కవరు వైపు చెయ్యి చాచింది. "గది నాకిస్తరా సారూ?"

"గది కేసు వస్తువమ్మా. కోర్టుల పెట్టాలె."

"ఒక్కసారి వినిపిచ్చి పెట్టుకోన్రి."

"తిప్పితే తెగుతదంట. తెగితే కేసు పోతది. తీర్పు వచ్చిందాక ఎవ్వరు ముట్టొద్దు."

"ఎప్పుడొస్తది?"

వామన్‌రావు సదాశివను చూశాడు. సదాశివ చెప్పాడు. "ఏడెనిమిదేండ్లు. పైకోర్టుకు పోతే ఇంకా ఎక్కువ."

అంతవరకు ఆ టేపు ఒక గదిలో, ఒక మూటలో, బూజుతో ఉంటుంది. ఆమెకు యాభై ఏడు. లెక్క వేసుకున్నట్టుంది. కొడుకు సాయంత్రానికి ఇంటికి వస్తాడు, అది ఆమెకు అర్థమైంది. ఆ సంతోషం ఎక్కడో దారిలో ఉంది, ఇంకా చేరలేదు. ఆమె బెంచీ దగ్గరికి నడిచింది. భావనారాయణ మణికట్లకు బేడీలు వేస్తున్నారు. ఆయన తల ఎత్తలేదు.

"అయ్యా," అంది. "ఇంకొక్కసారి చెప్పు. ఎట్లన్నడు?"

కానిస్టేబుల్ ఆమెను పక్కకు జరపబోయాడు. సదాశివ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

భావనారాయణ గొంతు సవరించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, ఎక్కడా తప్పు పోకూడదని.

"ముందు గొట్టం తీగకు తగిలిన చప్పుడు వస్తుందమ్మా. తర్వాత 'నర్సమ్మా' అంటాడు. అని ఆగుతాడు. రెండు సెకన్లు. నిన్ను వెతుకుతున్నాడనుకుంటాను. అప్పుడు, 'గంత ఎనక గూసున్నవేంది.' చిన్నగా నవ్వు. 'పిల్లగాన్ని తీస్కొని ముంగటికి రా.' మైకుకు దూరంగా ఎక్కడో పిల్లవాడు ఏడుస్తాడు."

"మా మల్లేష్," అంది ఆమె.

"అంతేనండి. వెంటనే పాట మొదలవుతుంది."

సదాశివ గడియారం చూశాడు. ఒంటిగంటా అయిదు. కోర్టుకు నడక పావుగంట. అతను కదలలేదు. రెండు సెకన్లంటే ఎంతసేపో లెక్కపెడుతూ అక్కడే నిలబడ్డాడు.